జీవామృతం మోసే పాత జీపు: తుప్పు ఎక్కడ తింటుంది, తనిఖీకి ముందు ఏం చూసుకోవాలి?



ఈసారి పంట సంగతి కాదు, పంట దగ్గరికి మనల్ని మోసుకెళ్లే బండి సంగతి. మన వీడియోల్లో వెనకాల ఎప్పుడూ కనిపించే ఆకుపచ్చ జీపు గురించి, పొలం చూడ్డానికి వచ్చినవాళ్లు తప్పకుండా అడుగుతారు. "ఏ సంవత్సరం బండండీ? కాగితాలు ఇంకా నడుస్తున్నాయా? సముద్రం పక్కన తుప్పు పట్టట్లేదా?" అని.

పట్టింది. బాగానే పట్టింది. దాన్ని పుట్టీతో కప్పేసి తనిఖీకి తీసుకెళ్లాను. పాసయ్యింది. రెండేళ్లకి నా ప్రాణం మీదకీ, నా బండెక్కిన ఇద్దరి ప్రాణం మీదకీ తెచ్చింది. ఏదీ దాచకుండా చెబుతాను. జీపు కింద పడుకుని తీసిన వీడియో కూడా ఈ వ్యాసంతో పాటే పెట్టాను. ఇది చదివి ఆ వీడియో చూస్తే మీ బండి కింద ఎక్కడ వెతకాలో తెలుస్తుంది.

మా పొలానికి జీపే ఎందుకు?

మాది మంగినపూడి. సముద్రం వైపు ఇసుక నేలలో వేరుశనగ, దోస, కూరగాయలు వేస్తాం. లోపలి వైపు నల్లమట్టిలో వరి. కాయగూరలు, గానుగ నూనె బందరు, గుడివాడ ఇళ్లకి నేనే చేరవేస్తాను. ట్రాలీ ఆటో సరుగుడు తోటల దాకా వస్తుంది. ఆపైన ఇసుకలో చక్రం దిగిపోతుంది. ప్రతి చిన్న పనికీ ట్రాక్టరు తియ్యలేం కదా. అందుకే 2019లో గుడివాడ వైపు ఒక రైతు దగ్గర మహీంద్రా ఎం.ఎం. 540 జీపు కొన్నాను. మొదటి రిజిస్ట్రేషన్ 1995 డిసెంబరు. 2,112 సీసీ డీజిల్ ఇంజను, ఫోర్ వీల్.

మహీంద్రా వాళ్లు 1947లో విల్లీస్ జీపులు బిగించి అమ్మడంతో మొదలైన వరస ఇది. నిచ్చెన లాంటి ఛాసిస్, దాని మీద రేకు బాడీ, ముందూ వెనకా కమాన్లు. బాగు చేయడానికి కంప్యూటరు అక్కర్లేదు, పానాలు చాలు. బండిలో తప్పేమీ లేదు. నేను అందులో ఏం మోశాను, ఎలా మోశాను అన్నదాంట్లోనే తప్పుంది.

మడికి మంచిది, రేకుకి చేటు

లెక్క మీకందరికీ తెలిసిందే. 200 లీటర్ల నీళ్లు, 10 కిలోల పేడ, 10 లీటర్ల మూత్రం, 2 కిలోల బెల్లం, 2 కిలోల శనగపిండి, గుప్పెడు గట్టు మట్టి. ఇంటి దగ్గర ఆవులున్నాయి, పొలం దూరం. కాబట్టి ద్రవ జీవామృతం ఇంటి దగ్గరే కలిపి డ్రమ్ములో పట్టుకెళ్తాను. మూత ఎంత బిగించినా ఇసుకలో బండి ఊగినప్పుడు ఒలుకుతుంది. పుల్ల మజ్జిగ, చేప బెల్లం ద్రావణం, కషాయాలు కూడా ఇలాగే ఒలికేవి.

ఇనుము తుప్పు పట్టాలంటే గాలి, తడి రెండూ ఉంటే చాలు. ఉప్పు తోడైతే ఆ పని చాలా వేగంగా సాగుతుంది. ఉప్పు గాలిలోంచి తేమని లాక్కుంటుంది, రేకుని ఆరనివ్వదు. మన ఊరి గాలిలోనే ఉప్పుంది. పక్కనే ఉప్పు మడులున్నాయి. గోమూత్రంలోనూ లవణాలున్నాయి. పైగా మూత్రం నిల్వ ఉంటే అందులోని యూరియా అమ్మోనియాగా మారుతుంది. అమ్మోనియా రాగిని, ఇత్తడిని తింటుంది. నా జీపు వెనక లైట్ల వైర్లు పచ్చగా చిలుము పట్టి రెండు నెలలకోసారి తెగిపోతుంటే ఎలక్ట్రీషియన్‌ని తిట్టుకున్నాను. కారణం డ్రమ్ములో ఉందని చాలా ఆలస్యంగా తెలిసింది. మజ్జిగ, చేప ద్రావణం సంగతి సరేసరి, అవి పులుపు.

ఇంకో తెలివితక్కువ పని చేశాను. డ్రమ్ము జారకుండా రేకు మీద గోనెసంచులు పరిచాను. అగ్రికల్చర్ డిప్లొమా చదివినవాణ్ణి. ఆచ్ఛాదన వేస్తే నేలలో తేమ నిలుస్తుందని ఊరూరా తిరిగి చెప్పేవాణ్ణి. మరి నా జీపులో నేను చేసిందీ అదే కదా! ఉప్పు, మూత్రం, బెల్లం నీళ్లు పీల్చుకున్న గోనె ఏడాది పొడుగునా రేకుని తడిగా ఉంచింది. నాలుగేళ్లలో ఆ గోనె కింద రేకు అప్పడంలా అయిపోయింది.

2021: రంగేసి పాసు చేయించాను

సొంత బండికి రిజిస్ట్రేషన్ 15 ఏళ్లు. ఆ తర్వాత బండిని చూపించి ఐదేసి ఏళ్లకి రెన్యువల్ చేయించుకోవాలి. మా జీపుకి 2020 డిసెంబరుతో గడువు తీరింది. కరోనా వల్ల కేంద్రం బండి కాగితాల గడువు పొడిగిస్తూ వచ్చింది, చివరికి 2021 అక్టోబరు 31 అంది. ఆ గడువు దగ్గరపడ్డాక పరిగెత్తాను.

అప్పటికే డోర్ల దగ్గర, వెనక చక్రాల పైన రంగు బుడగలు లేచింది. ఒక షాపులో అడిగితే రెండు దారులు చెప్పారు. కోసి కొత్త రేకు వేసి వెల్డింగ్ చేస్తే వారం పైన పడుతుంది. గీకి పుట్టీ పెట్టి రంగేస్తే మూడు రోజులు, ₹18,000. నేను మూడు రోజులే అన్నాను. ఎవరూ నన్ను బలవంతపెట్టలేదు.

బండి కొత్త పెళ్లికొడుకులా వచ్చింది. మన వైపు బ్రేక్ ఇన్‌స్పెక్టర్ అంటాం కదా, ఆయన లైట్లు, హారను, బ్రేకు, స్టీరింగు, టైర్లు చూశారు. ఆ రోజు అవన్నీ బాగానే ఉన్నాయి. సి-బుక్కు ఐదేళ్లకి రెన్యువల్ అయింది. ఆయన తప్పేమీ లేదు, కనిపించకుండా దాచింది నేను.

పుట్టీ తుప్పుని ఆపదు. తుప్పు అసలు ఇనుము కన్నా ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది. అందుకే లోపల పెరిగే కొద్దీ రంగుని పైకి లేపుతుంది. పుట్టీ కింద తడి చేరితే ఆరే దారి కూడా ఉండదు.

2023 కార్తీక పౌర్ణమి ముందు రోజు

కార్తీక పౌర్ణమికి మంగినపూడి బీచికి సముద్ర స్నానాలకి ఎంతమంది జనం వస్తారో మీకు తెలుసు. ముందు రోజు సాయంత్రం నుంచే రోడ్డు మీద మనుషులు మొదలవుతారు. ఆ ఏడాది మేలో పోర్టు పనులు మొదలయ్యాయి కాబట్టి టిప్పర్లు కూడా తిరుగుతున్నాయి. నేను పొలానికి వెళ్తున్నాను. వెనక ఒక డ్రమ్ము జీవామృతం, దాని పక్కన పనికి వచ్చే ఇద్దరు ఆడవాళ్లు. ఎదురుగా ఒక కుటుంబం, చిన్నపిల్లలతో, రోడ్డు దాటుతోంది.

బ్రేకు తొక్కాను. పెడలు నేల దాకా దిగిపోయింది. మళ్లీ తొక్కాను, ఏమీ లేదు.

గేరు తగ్గించి, హ్యాండ్ బ్రేకు లాగి, బండిని ఎడమ పక్కకి సరుగుడు తోట ఇసుకలోకి దింపేశాను. రోజూ తిట్టుకునే ఆ ఇసుకే బండిని ఆపింది. డ్రమ్ము దొర్లి పెద్దావిడ కాలికి తగిలింది. దెబ్బ చిన్నదే. పిల్లలకి ఏమీ కాలేదు. వాళ్ల నాన్న నా వైపు ఒకసారి చూసి, పిల్లల్ని దగ్గరికి లాక్కుని వెళ్లిపోయాడు. తిట్టలేదు. తిట్టినా బాగుండేది.

ఆ పెద్దావిడ చీర దులుపుకుంటూ, "రంగేయిస్తే బండి ఆగుద్దా బాబూ?" అంది. నాకు జవాబు లేదు.

మర్నాడు బండి కింద దూరి చూశాను. ఛాసిస్ వెంట వెనక్కి పోయే బ్రేకు పైపు, సరిగ్గా డ్రమ్ము పెట్టే చోటు కింద, తుప్పు తిని చిల్లుపడింది. నాలుగేళ్లుగా రేకు రంధ్రాల్లోంచి జీవామృతం చుక్కచుక్కా దాని మీదే పడింది. పక్కనే వెనక కమానుని ఛాసిస్‌కి పట్టి ఉంచే బ్రాకెట్టు ఉంది. దాన్ని స్క్రూడ్రైవరుతో పొడిస్తే మొన లోపలికి దిగింది. బయటికి చూస్తే మెరిసే నల్ల రంగు, లోపల పొరలు పొరలుగా పొట్టు. బ్రేకు పైపు ఆ రోజు పోకపోయి ఉంటే, ఎప్పుడో లోడుతో పోతుండగా ఆ బ్రాకెట్టు ఊడేది. అప్పుడు సి-బుక్కులో ఇంకా రెండేళ్ల గడువుంది.

నాకు అర్థమైంది ఒకటే. తనిఖీ ఐదేళ్లకి ఒక్క రోజు జరుగుతుంది. మిగతా రోజులన్నీ తుప్పు పని చేస్తూనే ఉంటుంది. ఆ మధ్యకాలంలో ఇన్‌స్పెక్టర్లం మనమే అవ్వాలి.

అడుగు సూత్రం

మరి ఎక్కడ చూడాలి? బండి అంతా తుప్పే కనిపిస్తుంటే ఏది ప్రమాదం, ఏది కాదు? దీనికి బ్రిటన్‌లో ఒక మంచి పద్ధతి ఉంది. అక్కడ మూడేళ్లు దాటిన కార్లకి ఏటా ఎంఓటీ అనే తనిఖీ చేస్తారు. బ్రేకులు, స్టీరింగు, సస్పెన్షన్, సీటు బెల్టులు బిగించిన చోట్ల చుట్టూ 30 సెంటీమీటర్ల లోపు ఛాసిస్‌లో గానీ బాడీలో గానీ బలం తగ్గించేంత తుప్పుంటే బండిని ఫెయిల్ చేస్తారు. అక్కడ పుట్టీ పూసి కప్పినా ఒప్పుకోరు. అతుకు వేస్తే అంచు చుట్టూ తెగకుండా వెల్డింగ్ ఉండాలి.

30 సెంటీమీటర్లంటే మన లెక్కలో ఒక అడుగు. నేను దీన్నే అడుగు సూత్రం అని పెట్టుకున్నాను. డోరు కింద రేకు చిల్లుపడితే చూడ్డానికి బాగోదు, అంతే. కమాను బ్రాకెట్టుకి అడుగు లోపు చిల్లుపడితే మాత్రం బండి అక్కడే ఆగాలి. నా జీపులో నేను చూసే చోట్లు ఇవి:

1. ముందూ వెనకా కమాన్ల బ్రాకెట్లు, షాకిళ్లు, అవి అతికిన ఛాసిస్ భాగం.
2. బ్రేకు పైపులు, ముఖ్యంగా క్లిప్పు కింద దాగిన చోటు. తడి అక్కడే నిలుస్తుంది.
3. స్టీరింగు బాక్సు ఛాసిస్‌కి బిగించిన చోటు.
4. బాడీని ఛాసిస్ మీద కూర్చోబెట్టే బోల్టులు, వాటి రబ్బర్లు.
5. డ్రైవరు కాళ్ల కింద రేకు, పెడళ్లు బిగించిన చోటు, సీటు బిగించిన చోటు.
6. బ్యాటరీ ట్రే. యాసిడ్ ఒలికి అడుగు తినేస్తుంది.
7. ఛాసిస్ నంబరు చెక్కిన చోటు. దీని సంగతి కింద విడిగా చెబుతాను.

చూడ్డం అంటే కళ్లతో చూడ్డం కాదు. చిన్న సుత్తితో తట్టండి. గట్టి ఇనుము ఖంగుమంటుంది. తుప్పు తిన్నదీ, పుట్టీ పెట్టిందీ డబ్ అని మొద్దుగా పలుకుతుంది. పుచ్చకాయ తట్టి చూసేవాళ్లం మనం, ఆ తేడా మన చెవికి ఎవరూ నేర్పక్కర్లేదు. ఇంకో చిట్కా అయస్కాంతం. పుట్టీ మందంగా ఉన్న చోట అది అంటుకోదు. పాత జీపు కొనబోయేవాళ్లు జేబులో ఒకటి వేసుకుని వెళ్లండి.

ఈసారి ఎలా బాగు చేయించాను

బందరులో పాత జీపులు చేసే టింకరింగ్ బాబాయ్ దగ్గరికి వెళ్లాను. ఆయన మొదటి మాట: "రంగు సంగతి ఆఖర్న చూద్దాం అబ్బాయ్, ముందు బాడీ దించు." బాడీ దించితే గానీ ఛాసిస్ పైభాగం కనపడదు. మూడు వారాలు పట్టింది. స్పేర్లు విజయవాడ ఆటోనగర్‌లో దొరికాయి. అన్నీ కలిపి ₹74,000 అయింది. పుట్టీకి పోసిన ₹18,000 దండగే. అప్పుడే కోయించి ఉంటే సగంలో తేలేదని బాబాయ్ అన్నాడు.

చేసిన వరస ఇది. వెల్డింగుకి ముందు బ్యాటరీ వైర్లు, డీజిల్ ట్యాంకు తీసేశాం. చచ్చిన రేకుని మెరిసే ఇనుము తగిలేదాకా కోశాం. తుప్పు మీద అతుకు వేస్తే ఏడాదిలో అతుకు పక్కనే చిరుగుతుంది. కింద రేకుకి 16 గేజు ఎంఎస్ రేకు వేశాం. బ్రాకెట్ల దగ్గర రేకు కాదు, మందపాటి ప్లేటు వేసి చుట్టూ తెగకుండా వెల్డింగ్ చేశాం. ఆ పని అనుభవం ఉన్న వెల్డరే చేయాలి, డబ్బులు మిగుల్చుకునే చోటు అది కాదు. బ్రేకు పైపులు చిల్లుపడిందొకటే కాదు, అన్నీ కొత్తవి వేశాం. తర్వాత వైరు బ్రష్, ప్రైమరు, ఆపైన రంగు.

బోలుగా ఉన్న చోట్ల లోపల మైనం స్ప్రే కొట్టించాను. చాలామంది కాలిన ఇంజను ఆయిల్ పూయమంటారు. వద్దండి. అది రబ్బరు బుష్షుల్ని పాడు చేస్తుంది. అంతకన్నా ముఖ్యం, ఆ నూనె కారేది మన పొలంలోనే. వానపాముల కోసం ఇంత కష్టపడి, వాటి నెత్తిన కాలిన ఆయిల్ పోయడం ఏం న్యాయం?

ఇక్కడో సంగతి. తుప్పు రంగులకి పేరున్న రస్ట్‌ఓలియం కంపెనీ 1921లో అమెరికాలో మొదలైంది. దాన్ని పెట్టిన రాబర్ట్ ఫెర్గుసన్ ఓడ కెప్టెన్. ఓడ మీద చేపనూనె ఒలికిన చోట తుప్పు ఆగిపోవడం చూసి, దాంతోనే రంగు తయారు చేశాడు. మీ బండికి చేపనూనె పూయమని చెప్పడం లేదు. ఒలికిన చోట ఏం జరిగిందో ఆయన చూశాడు, నాలుగేళ్లు ఒలుకుతున్నా నేను చూడలేదు.

కాగితాల సంగతి, క్లుప్తంగా

"15 ఏళ్లు దాటితే బండి తుక్కేనట కదా" అని చాలామంది భయపడుతున్నారు. 2023 ఏప్రిల్ 1 నుంచి ఆ నియమం ప్రభుత్వ బండ్లకి ఉంది. మన సొంత బండి తనిఖీలో నిలబడితే మన రాష్ట్రంలో రెన్యువల్ చేయించుకోవచ్చు.

సొంత బండి రెన్యువల్‌కి ఫారం 25. గడువుకి 60 రోజుల ముందు నుంచి దరఖాస్తు చేయవచ్చు. 2022 ఏప్రిల్ నుంచి కారు, జీపులకి కేంద్ర ఫీజు ₹5,000. 2025 ఆగస్టులో వచ్చిన నోటిఫికేషన్‌తో 20 ఏళ్లు దాటిన బండికి ₹10,000 చేశారు. ఆలస్యమైతే నెలకి ₹500 అదనం. గ్రీన్ ట్యాక్స్ వేరు. వెళ్లే ముందు ఆన్‌లైన్‌లో ఒకసారి సరిచూసుకోండి. పొల్యూషన్ సర్టిఫికెట్, ఇన్సూరెన్స్ నడుస్తూ ఉండాలి.

గడువు దాటిన బండిని "పొలం దాకే కదా" అని తిప్పకండి. రిజిస్ట్రేషన్ లేకుండా రోడ్డెక్కిన బండికి ఇన్సూరెన్స్ కంపెనీ నష్టం కట్టనక్కర్లేదని 2014లో నరిందర్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. అలాగే డబ్బులు తీసుకుని జనాన్నో సరుకునో ఎక్కిస్తే అది సొంత బండి కింద రాదు. దానికి ట్రాన్స్‌పోర్ట్ రిజిస్ట్రేషన్, ఎఫ్.సి. వేరే ఉంటాయి. ఎనిమిదేళ్లు దాటిన ట్రాన్స్‌పోర్ట్ బండికి ఎఫ్.సి. ఏటా చేయించాలి. జీపుని ఎత్తు పెంచి, లావు టైర్లు వేసి, రూపం మార్చేసినవాళ్లకీ ఇబ్బందే. సి-బుక్కులో ఉన్నదానికి బండి సరిపోవాలి.

ఇక ఛాసిస్ నంబరు. తనిఖీలో దాన్ని సి-బుక్కుతో సరిచూస్తారు. తుప్పు ఆ అక్షరాల్ని తినేస్తే బండి ఎంత బాగున్నా అది మీ బండేనని చూపించడం కష్టం. నాకు రెండు అంకెలు అప్పటికే మసకబారాయి. ఆ చోట గ్రైండరు పెట్టకండి. కిరసనాయిలు గుడ్డతో తుడిచి, మెత్తటి బ్రష్‌తో శుభ్రం చేసి, పల్చగా గ్రీజు రాసి వదిలేయండి. వీడియోలో ఆ చోటు దగ్గరగా చూపించాను.

2025 నవంబరులో మళ్లీ చూపించాను. ఈసారి పుట్టీ లేదు, మెరుపూ లేదు. అతుకులు అతుకుల్లాగే కనిపిస్తున్నాయి. వెనక రిఫ్లెక్టర్లు లేవని, ఒక ఇండికేటరు సరిగ్గా కొట్టుకోవడం లేదని మర్నాడు రమ్మన్నారు. విప్పి చూస్తే ఆ ఇండికేటరు వైరుకీ పచ్చ చిలుమే. బాగు చేసి తీసుకెళ్లాను. 2030 డిసెంబరు దాకా రెన్యువల్ అయింది.

నెలకో గంట

గుర్తుండడానికి నేను అమావాస్య పెట్టుకున్నాను. ఆ రోజు చేసే పనులు ఇవి:

- బండి అడుగు భాగం, చక్రాల గూళ్లు మంచినీళ్లతో కడగడం. మా వైపు బోరు నీళ్లు ఉప్పగా ఉంటాయి. వాటితో కడిగితే తుప్పుకి మనమే నీళ్లు పెట్టినట్టు. కాలవ నీళ్లు గానీ వాన నీళ్లు గానీ వాడండి.
- కింద రేకులో నీళ్లు కారే రంధ్రాల్లో ఇసుక, బురద తీసేయడం.
- సుత్తి పట్టుకుని పైన చెప్పిన ఏడు చోట్లా తట్టి చూడటం.
- బ్రేకు ఆయిల్ మట్టం చూడటం. తగ్గిందంటే ఎక్కడో కారుతున్నట్టే.

గోనెసంచులు తీసేశాను. డ్రమ్ము ఇప్పుడు అంచులున్న ప్లాస్టిక్ ట్రేలో కూర్చుంటుంది. ఒలికింది ట్రేలోనే ఉంటుంది, సాయంత్రం దాన్ని ఏదో ఒక మొక్క మొదట్లో పోస్తాను. డ్రమ్ముని పట్టీతో కట్టేస్తాను. డ్రమ్ము ఉన్న రోజు వెనక మనుషుల్ని ఎక్కించను, రెండు ట్రిప్పులు తిరుగుతాను. డీజిల్ ఎక్కువవుతుంది, అవనీండి.

ఆ పెద్దావిడ ఇప్పటికీ మా పొలానికి వస్తుంది. బండి ఎక్కే ముందు వంగి చక్రం వైపు ఒకసారి చూసి, "తట్టావా?" అని అడుగుతుంది. తట్టానంటేనే ఎక్కుతుంది.

మీ దగ్గరా పాత జీపో, కమాండరో, ట్రాలీనో ఉంటే ఈ ఆదివారం ఒక గంట దాని కింద పడుకుని తట్టి చూడండి. ఏం బయటపడిందో నాకు చెప్పండి. మళ్లీ వీడియోలో కలుద్దాం. సెలవు.